ఆజుర్ నెల వాన: మౌసమ్ ఇచ్చిన గవాహీ

మా దాదా రాసుకున్న బయాజ్ ఒకటి మా ఇంట్లో ఉంది. తోలు అట్ట, పసుపు పచ్చబడిన కాగితాలు, షికస్తా రాత. అందులో యునానీ నుస్ఖాలు ఉన్నాయి, ఎవరికి ఎన్ని బస్తాల వడ్లు అప్పిచ్చారో ఉంది, పుట్టినవాళ్ల, పోయినవాళ్ల తారీఖులూ ఉన్నాయి. మాది మెదక్ జిల్లా శంకరంపేట. ఊళ్లో ఇప్పుడు ఆ రాత చదవగలిగినవాళ్లు ఒక చేతి వేళ్లకు మించరు.

ఆ బయాజ్‌లో ఒక చిన్న పేరా మీద మా ఖాందాన్ రెండేళ్లు మాటామాటా అనుకుంది. దాని భావం ఇది: ఆజుర్ 8, సన్ 1350. చిత్త కార్తె వాన రాత్రంతా కురిసింది. ఆబి వరి పాలు పోసుకుంటోంది. సెహరీ వేళ భాయిసాహెబ్ ఇంతెకాల్ అయ్యారు.

భాయిసాహెబ్ అంటే మా దాదాకు పెద్దన్న. వాళ్ల వాలిద్, అంటే మా పర్‌దాదా, హిజ్రీ 1355లో పోయినట్టు ఖబర్ మీది కుత్బా చెబుతుంది. అది ఈస్వీలో 1936-37. ఇప్పుడు సవాల్ ఏమిటంటే, పెద్దన్న తండ్రికంటే ముందు పోయాడా, తర్వాత పోయాడా? మన విరాసత్ కానూన్ తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద సవాలో చెప్పనక్కర్లేదు. తండ్రి బతికుండగానే కొడుకు పోతే, ఇంకో కొడుకు ఉన్నప్పుడు, పోయిన కొడుకు పిల్లలు మహజూబ్ అవుతారు, తాత ఆస్తిలో హిస్సా రాదు. తండ్రి తర్వాత పోయి ఉంటే ఆ కొడుకు హిస్సా అతని వారిసులకు వస్తుంది. భాయిసాహెబ్‌కు ఉన్నది ఇద్దరు కూతుళ్లే. వాళ్ల ఔలాద్ ఇప్పుడు జహీరాబాద్‌లో, హైదరాబాద్‌లో ఉన్నారు. వాళ్లను మా ఇంట్లో చిన్నప్పటినుంచి "హిస్సా లేనివాళ్లు" అనే చూశారు.

ఒక చచ్చా 1350ని హిజ్రీ అన్నారు. హిజ్రీ 1350 అంటే 1931-32, అంటే పెద్దన్న ముందే పోయాడు, బాత్ ఖతమ్. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్‌లో "ఆజర్ 1350" అని కొట్టాడు. ఇరానీ జంత్రీ లెక్కలో 1971 నవంబరు-డిసెంబరు అని వచ్చింది. ఒకే సన్, నలభై ఏళ్ల ఫర్క్! ఇద్దరూ చదివింది సరిగ్గానే చదివారు, కాని అది ఏ జంత్రీయో చూడలేదు.

ఫసల్ నుంచి ఫస్లీ

మన హిజ్రీ సాల్ చంద్రుడి వెంట నడుస్తుంది. సూర్యుడి సాల్‌కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే రమ్జాన్ ఒకసారి ఎండలో, ఒకసారి చలిలో వస్తుంది. సుమారు 33 ఏళ్లకు అన్ని మౌసమ్‌లూ తిరిగొస్తుంది. ఇబాదత్‌కు అందులో పెద్ద హిక్మత్ ఉంది, ఏ దేశపు ముసల్మానుకూ ఎప్పుడూ ఎండాకాలపు రోజాలే రావు. కాని రైతు దగ్గర మహసూల్ వసూలు చేయడానికి ఆ లెక్క కుదరదు. పంట చంద్రుణ్ణి చూసి పండదు. హిజ్రీ లెక్కన లగాన్ అడిగితే కొన్నేళ్లకు కోతకు ముందే అడగాల్సి వస్తుంది, 33 ఏళ్లలో ఒక ఏడాది పన్ను అదనంగా పడుతుంది.

అందుకే అక్బర్ కాలంలో ఫస్లీ సన్ వచ్చింది. ఫసల్ అంటే పంట, మౌసమ్ కూడా. 1584లో అక్బర్ తారీఖ్-ఎ-ఇలాహీని కూడా మొదలుపెట్టాడు. ఆ లెక్క కట్టిన ఆలిమ్ ఫతుల్లా షీరాజీ. ఆయన షీరాజ్ నుంచి మొదట మన దక్కన్‌కే, బీజాపూర్ ఆదిల్‌షాహీ దర్బారుకు వచ్చి, అక్కడినుంచి అక్బర్ దగ్గరికి వెళ్లాడు.

దక్కన్‌కు ఫస్లీ షాజహాన్ కాలంలో వచ్చింది. అప్పటి హిజ్రీ అంకె 1046ని, అంటే ఈస్వీ 1636ని, పట్టుకుని అక్కడినుంచి సూర్యుడి లెక్కన నడిపించారు. ఇక్కడే మా ఇంటి చిక్కు ముడి ఉంది. 1636లో రెండు సన్‌లూ ఒకటే. ఆ తర్వాత హిజ్రీ ముందుకు పరుగెత్తింది, ఫస్లీ రైతు నడక నడిచింది. మూడొందల ఏళ్లకు తొమ్మిదేళ్ల తేడా వచ్చింది. 1940లో హిజ్రీ 1359 నడుస్తుంటే మన సర్కారీ కాగితాల్లో ఫస్లీ 1350 మొదలైంది.

ఆసిఫ్‌జాహీ రియాసత్‌లో ఫస్లీ సాల్ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. మొదటి నెల ఆజుర్. తర్వాత దై, బహ్‌మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్‌దాద్, షహ్రేవర్, మెహిర్, ఆబాన్. పేర్లన్నీ ఫార్సీవే, మౌసమ్ మాత్రం మనది. తెలంగాణ భూముల కేసుల్లో ఇప్పటికీ వినపడే 1317 ఫస్లీ మాల్‌గుజారీ కానూన్ ఈ లెక్కదే, ఈస్వీ 1907-08. మన రెవెన్యూ వాళ్లు ఇప్పటికీ ఫస్లీ అనే అంటారు, కాకపోతే అది ఇప్పుడు జులై 1న మొదలవుతుంది.

ఆజుర్ ఇక్కడ, ఆజర్ అక్కడ

ఇరాన్‌లో 1925 కానూన్‌తో స్థిరపడిన జంత్రీలో ఆజర్ తొమ్మిదో నెల. నవంబరు 22 ప్రాంతంలో మొదలై డిసెంబరు 21 దాకా ఉంటుంది. వాళ్ల ఖిజాకు అది ఆఖరి నెల. టెహ్రాన్‌లో చినార్ చెట్లు ఆకులు రాల్చేసి ఉంటాయి, అల్‌బుర్జ్ కొండల మీద మంచు పడుతుంది. నెల ముగిసే రాత్రి శబ్-ఎ-యల్దా, ఏడాదిలో అతి పొడుగు రాత్రి. ఆ రాత్రి దానిమ్మలు, పుచ్చకాయలు పెట్టుకుని ఖాందాన్ అంతా మేలుకుంటుంది. అఫ్ఘానిస్తాన్‌లో అదే నెలను ఖౌస్ అంటారు, అంటే ధనుస్సు.

ఈ ఆజర్ నెల కూడా ఎప్పుడూ ఒక్కచోట నిలబడలేదు. వెయ్యేళ్ల కిందట అబూ రైహాన్ అల్ బీరూనీ రాసిన ప్రకారం ఖుస్రోల కాలంలో ఆజర్ బహార్ మొదట్లో వచ్చేది. పాత ఇరానీ సాల్‌కు 365 రోజులే, లీపు లేదు, అందుకని నెలలు మౌసమ్‌ల మీదుగా మెల్లగా జారిపోయాయి. పదకొండో సదీలో ఉమర్ ఖయ్యామ్, ఆయన సాథీలు జలాలీ లెక్క కట్టి నౌరోజ్‌ను బహార్‌కు బిగించారు. నెల పేరు చూసి మౌసమ్ చెప్పడం ఎంత ఖతర్నాకో ఇక్కడే తెలుస్తుంది.

మన శంకరంపేటలో ఆజుర్ అంటే అక్టోబరు. నైరుతి వాన వెనక్కి మళ్లే రోజులు. చిత్త, స్వాతి కార్తెల్లో ఒకటి రెండు గట్టి వానలు పడితే చెరువు నిండుతుంది, లేకపోతే ఆ ఏడు తాబి పంట మీద ఆశ వదులుకోవాలి. తరి పొలంలో ఆబి వరి పాలు పోసుకుంటుంది. ఖుష్కిలో శనగ, జొన్న చల్లడానికి నేల పదును చూస్తారు. ఆ తర్వాత దై నెలలో, అంటే నవంబరులో, కోతలు. తెల్లవారి మంచు వరికంకుల మీద ఉంటుంది, పగలు 29-30 డిగ్రీల ఎండ, రాత్రి 17 దగ్గరికి దిగుతుంది. వుజూ నీళ్లు మొదటిసారి చల్లగా తగిలేది అప్పుడే.

మరి ఖిజా? మెదక్‌కు ఒకప్పుడు ఉన్న పేరు గుల్షనాబాద్. గుల్షన్ ఉన్నచోట ఖిజా గురించి మన షాయర్లు ఎన్ని గజల్‌లు రాశారో లెక్కలేదు. కాని అక్టోబరు-నవంబరుల్లో మన దగ్గర ఆకు రాలదు, ఏడాదిలో అంత పచ్చదనం మళ్లీ కనపడదు. టేకు, మోదుగ ఆకులు రాల్చేది శీతాకాలం చివర, ఫిబ్రవరి-మార్చిలో. ఆ వెంటనే మోదుగ పూస్తుంది. అంటే మన ఖిజా, మన బహార్ పక్కపక్కనే వస్తాయి. ఫార్సీ షాయరీ నుంచి ఖిజా లఫ్జ్ వచ్చింది, దానితోపాటు మౌసమ్ రాలేదు.

ఈ ఫర్క్‌ను ముందే గుర్తుపట్టినవాడు హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా. తన దఖ్ఖనీ నజ్మ్‌లలో ఆయన మిర్గ్ మీద రాశాడు, ఠండ్‌కాలా మీద రాశాడు. మిర్గ్ అంటే మన మృగశిర. కాలా అంటే మన కాలమే. మన దాదీలు ధూప్‌కాలా, ఠండ్‌కాలా అనే అనేవారు, ఖిజా అనలేదు.

మిగతా దునియా లెక్క

మౌసమ్‌కూ హిజ్రీకీ మధ్య ఈ రాజీ మన ఒక్కరిదే కాదు. ఉస్మానీ తుర్కులు ఏడాదిని రెండు ముక్కలు చేసేవారు. మే 6న ఖిజర్ రోజులు, నవంబరు 8న కాసిమ్ రోజులు మొదలు. తుర్కీలో నవంబరు పేరు ఇప్పటికీ కాసిమే. మిస్ర్ రైతులు నమాజు, రోజాలకు హిజ్రీ, పొలానికి పాత కిబ్తీ నెలలు పట్టుకున్నారు. నవంబరు 10 ప్రాంతంలో వచ్చే హాతూర్ వాళ్లకు గోధుమ విత్తే నెల. మనం వడ్లు కోసే రోజుల్లోనే నైలు ఒడ్డున విత్తనం పడుతుంది. కాశ్మీర్‌లో ఈ మౌసమ్‌ను హరుద్ అంటారు. చినార్లు నిప్పురంగు తిరుగుతాయి, పాంపోర్‌లో అక్టోబరు ఆఖరు నుంచి జాఫ్రాన్ పువ్వు ఏరుతారు.

మన పిల్లలు నౌకరీకి వెళ్లిన సౌదీ, కువైట్‌లలో అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా వస్మ్ అంటారు. అప్పుడు ఉరుములతో రెండు మంచి వానలు పడితే చలికాలం చివర ఎడారి ఇసుక కింద కమా పుడుతుంది, పుట్టగొడుగు జాతిది. దాని జిక్ర్ హదీస్‌లో కూడా ఉంది. మన రైతు చిత్త వాన కోసం చూసినట్టే బదూ అరబ్బు వస్మ్ కోసం ఆకాశం చూస్తాడు.

షికాగో డెవాన్ అవెన్యూలో మన హైదరాబాదీలు నవంబరులో కోట్లు తీస్తారు, పగలే పది డిగ్రీలు దాటడం కష్టం. మెల్‌బోర్న్‌లో అంతా ఉల్టా: నవంబరు బహార్ ఆఖరు, ఆకు రాలేది ఏప్రిల్-మేలో. శంకరంపేటలో 42 డిగ్రీల లూ కొడుతుంటే అక్కడి చెట్లు ఎర్రబడతాయి.

మూడు గవాహీలు

ఇప్పుడు బయాజ్ దగ్గరికి వద్దాం. నేను చచ్చా ముందు కూర్చుని మూడు మాటలు చెప్పాను.

ఒకటి, ఆజుర్ హిజ్రీ నెల కాదు. హిజ్రీలో రాస్తే ముహర్రమో, సఫరో ఉండాలి. కాబట్టి 1931 కుదరదు.

రెండు, చిత్త కార్తె అక్టోబరు రెండు, మూడు వారాల్లో వస్తుంది. ఆబి వరి పాలు పోసుకునేది అప్పుడే. ఇరానీ ఆజర్ అయితే నవంబరు ఆఖరు దాటాలి, అప్పటికి మన పొలాల్లో కోత నడుస్తుంది. కాబట్టి 1971 కుదరదు.

మూడు, సెహరీ. దాదా ఆ మాట ఊరికే రాయలేదు. 1940లో రమ్జాన్ అక్టోబరు మొదట్లోనే మొదలైంది. ఫస్లీ 1350 ఆజుర్ 8 అంటే అక్టోబరు మధ్య, రమ్జాన్ రోజులే. 1971లో అయితే ఇరానీ ఆజర్ మొదలయ్యేసరికి రమ్జాన్ దాటి షవ్వాల్ వచ్చేసింది.

చంద్రుడు, సూర్యుడు, పొలం మూడూ కలిసేది ఒక్కచోటే: 1940 అక్టోబరు. అంటే భాయిసాహెబ్ తన వాలిద్ తర్వాత మూడేళ్లకు పైగా బతికారు. ఆయన కూతుళ్లు వారిసులే.

చచ్చా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఎనభై ఏళ్లు మనం వాళ్ల హక్ తిన్నాం అంటావా?" అన్నారు. నేను జవాబు ఇవ్వలేదు. పొలంలో చాలా భాగం ఎప్పుడో అమ్ముడుపోయింది. మిగిలినదాంట్లో వాళ్ల హిస్సా ఎంతో ముఫ్తీ సాహెబ్‌తో లెక్క కట్టించాం. కాగితాలు నడుస్తున్నాయి. ఈసారి ఈద్‌కు జహీరాబాద్ నుంచి ఆ ఫూఫీ మనవలు మా ఇంటికి వచ్చారు. ఆ గడప తొక్కడం వాళ్లకు అదే మొదటిసారి.

మీ ఇళ్లలో కూడా ట్రంకుపెట్టెల్లో ఇలాంటి కాగితాలు ఉంటాయి. రసీదులు, నికానామాలు, సేత్వార్ నకళ్లు. సన్ చూసి హిజ్రీ అనుకోకండి, పక్కన నెల పేరు చూడండి. ఆజుర్, దై, బహ్‌మన్ నెలలైతే ఫస్లీ సన్‌కు 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపండి, ఈస్వీ సన్ వస్తుంది. చదవడం రాకపోతే చదివే బుజుర్గ్ ఉండగానే చదివించి పెట్టుకోండి. వానను కూడా తారీఖు పక్కన రాసిపెట్టిన మా దాదాకు అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించు గాక.