పాత పంటల జాతర: విత్తనాలతో ఊరూరి కళ

తెలుగు నేల మీద తిండీ కళా వాకిట్లోనే కలిశాయి. బియ్యప్పిండి ముగ్గు కంటికి అందం, చీమలకు మేత. లేపాక్షిలో, 16వ శతాబ్దపు వీరభద్రాలయ ప్రాంగణంలో, నేలబండలోనే కంచాలు తొలిచి ఉన్నాయి. కూరలకు చిన్న గుంటలతో సహా. గుడి కట్టిన పనివాళ్లు వాటిలోనే తిన్నారని స్థానికులు చెబుతారు.

తిండే విషయంగా, పండించినవాళ్లే కళాకారులుగా సాగిన పెద్ద ప్రయత్నం మాత్రం జహీరాబాద్ ప్రాంతపు పాత పంటల జాతర. దాని వెనుక ఒక నష్టం ఉంది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది. కానీ మెట్ట ఊళ్లలో జొన్న, కొర్ర, సామ వెనకబడడానికి అదీ ఒక కారణమైంది. అనంతపురం మెట్టల్లో ఆ చిరుధాన్యాల చోటును వేరుశనగ ఆక్రమించింది.

అదే 1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమాలు రూపొందించినవారు. సొసైటీ ఊళ్లలో కూడగట్టిన సంఘాల్లోని మహిళల్లో ఎక్కువమంది దళితులు. వాళ్లు బీళ్లు సాగుచేశారు, పోయిన విత్తనాలు కూడబెట్టారు, 1990ల మధ్యలో బియ్యానికి బదులు జొన్నలిచ్చే ధాన్య నిధి నడిపారు. 2000 ప్రాంతంలో ఆ విత్తనాలను బండ్లకెత్తారు.

సంక్రాంతికి బయల్దేరే ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి. సింగారించిన బండిలో మట్టికుండలు, బుట్టలు. వాటిలో పచ్చజొన్న, కొర్రలు, తైదలు, కందులు, అనుములు. రంగులు వేరే తేనక్కర్లేదు, గింజలకే ఉన్నాయి. ఊళ్లో డప్పులు, హారతులు, పాటలు ఎదురొస్తాయి. ఆపైన రైతులు కూర్చుని ఏ విత్తనం ఏ నేలకు నిలిచిందో మాట్లాడుకుంటారు. జాతరకు ప్రాణం ఆ మాటలే.

1982లో కళాకారిణి ఆగ్నెస్ డెనెస్ న్యూయార్క్ నడిబొడ్డున రెండెకరాల గోధుమ చేను వేసి కళాలోకాన్ని నివ్వెరపరిచారు. అక్కడ కళాకారిణి చేలోకి నడిచింది. జహీరాబాద్‌లో చేలోని మనిషే కళ చేపట్టింది. ఈ రెండో దారే ఎక్కువ కాలం నిలిచింది. బడి ముఖం చూడని సంఘం ఆడవాళ్లు కెమెరా పట్టి తమ పంటల మీద చిత్రాలు తీశారు. 2008లో సంఘం రేడియో మొదలైంది. 2019లో సొసైటీకి ఈక్వేటర్ బహుమతి దక్కింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే సతీష్ కన్నుమూశారు. జాతర ఆగలేదు.

అనంతపురం మెట్టల్లో, చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ మరో దారి పట్టింది. దాని చొరవతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతుల చిరుధాన్యాలను కొని, శుద్ధి చేసి, అమ్ముతోంది.