బ్రిటన్‌లో వలస ఉద్యోగి పన్నులు, భృతులు

బ్రిటన్‌కు కొత్తగా ఉద్యోగానికి వెళ్లిన విదేశీయుల జీతంలో పన్ను ఎలా కోస్తారు, వారికి ఏ ప్రభుత్వ సాయం అందుతుంది, ఏది అందదు అని నిర్ణయించే నిబంధనల సమూహం. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ చందా, వీసా షరతులు మూడు వేర్వేరు చట్టాల కింద నడుస్తాయి. కొత్తవారికి మాత్రం మూడూ మొదటి నెలలోనే ఒక్కసారిగా ఎదురవుతాయి.

మొదటి చిక్కు ‘అలవెన్స్’ అన్న మాటతోనే. మన ఉద్యోగులకు అలవెన్స్ అంటే డీఏ, హెచ్ఆర్ఏ లాగా జీతానికి తోడయ్యే మొత్తం. బ్రిటిష్ పన్ను చట్టంలో ‘పర్సనల్ అలవెన్స్’ అంటే ఖజానా ముట్టుకోకుండా వదిలేసే ఆదాయ భాగం. అక్కడి సంక్షేమ చట్టంలో ‘మెటర్నిటీ అలవెన్స్’ అంటే ప్రభుత్వం చేతికిచ్చే డబ్బు. ఈ వ్యాసంలో వదిలేసేదాన్ని మినహాయింపు అనీ, ఇచ్చేదాన్ని భృతి అనీ వ్యవహరిస్తున్నాం. చాలామంది నష్టపోయేది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే.

చరిత్ర

బ్రిటన్‌లో ఆదాయపు పన్ను పుట్టిన సంవత్సరాన్ని కొన్ని గ్రంథాలు 1798 అనీ, కొన్ని 1799 అనీ చెబుతాయి. ప్రధాని విలియం పిట్ ఈ ప్రతిపాదనను పార్లమెంటు ముందు పెట్టింది 1798 డిసెంబరులో. చట్టమై అమలైంది 1799లో. వసూలు మొదలైన ఏడాదినే లెక్కలోకి తీసుకోవడం సబబు. నెపోలియన్ యుద్ధాల ఖర్చు కోసం పెట్టిన ఈ పన్నును 1802లో ఎత్తేశారు, 1803లో మళ్లీ వేశారు, యుద్ధం ముగిశాక 1816లో రద్దు చేశారు. 1842లో ప్రధాని రాబర్ట్ పీల్ తిరిగి తెచ్చినప్పటి నుంచి అది పోలేదు.

ఈ పన్నే 1860లో భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ చేతుల మీదుగా భారతదేశానికి వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ దాన్ని బాహాటంగా వ్యతిరేకించి, అందుకే పదవి పోగొట్టుకున్నాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ గవర్నర్ ఏలుబడిలోనివే.

జీతం చేతికి రాకముందే యజమాని పన్ను కోసి జమకట్టే ‘పే యాజ్ యు ఎర్న్’ పద్ధతి (పీఏవైఈ) 1944 ఏప్రిల్‌లో మొదలైంది. దీని రూపకర్తగా ఎక్కువ గ్రంథాలు పాల్ చాంబర్స్ పేరు చెబుతాయి. ఆయన పై అధికారి కార్నీలియస్ గ్రెగ్‌కూ వాటా ఇచ్చేవారున్నారు. చాంబర్స్ అంతకుముందు భారత ప్రభుత్వానికి ఆదాయపు పన్ను సలహాదారుగా పనిచేశాడు. మన టీడీఎస్‌కు అలవాటుపడ్డ ఉద్యోగికి పీఏవైఈ కొత్తగా అనిపించకపోవచ్చు. అయితే బ్రిటన్‌లో ఏడాది చివర చాలామంది రిటర్ను వేయాల్సిన పనే ఉండదు. అందువల్ల నెలనెలా జరిగే కోత సరైనదో కాదో చూసుకునే బాధ్యత ఉద్యోగి మీదే ఎక్కువ పడుతుంది.

పన్ను సంవత్సరం

బ్రిటిష్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఈ వింత తేదీకి రెండు కథనాలున్నాయి. రెండూ 1752 నాటి పంచాంగ మార్పు దగ్గరే మొదలవుతాయి. ఆ సెప్టెంబరులో 2వ తేదీ తర్వాత నేరుగా 14వ తేదీ వచ్చి, 11 రోజులు లెక్కలోంచి పోయాయి. అప్పటిదాకా ఆర్థిక సంవత్సరానికి హద్దు మార్చి 25. ఖజానా పోయిన రోజులు కలుపుకోవడంతో అది ఏప్రిల్ 5 అయింది. బాగా ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, 1800 లీపు సంవత్సరం కాకపోవడంతో ఇంకో రోజు జరిపారు, అలా ఏప్రిల్ 6 వచ్చింది. రెండో కథనం ప్రకారం మార్చి 25 ముందు నుంచీ ఏడాదికి ఆఖరి రోజే తప్ప తొలిరోజు కాదు. కాబట్టి 1753 నుంచే ఏడాది ఏప్రిల్ 5తో ముగిసి 6న మొదలవుతోంది. 1800కు ముందటి లెక్కలు కూడా ఏప్రిల్ 5తోనే ముగుస్తున్నందున రెండోదే నమ్మదగినది.

తెలుగువారికి ఈ తేదీ చరిత్రకే పరిమితం కాదు. భారత ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఐదు రోజుల తేడాయే అయినా, ఇక్కడి అద్దె, వడ్డీ, టీడీఎస్ లెక్కలను అక్కడి రిటర్నులో చూపించేటప్పుడు ఫారం 16ఏలోని అంకెను ఉన్నదున్నట్టు దించడం కుదరదు.

మినహాయింపు, టాక్స్ కోడ్

పర్సనల్ అలవెన్స్ 2021-22 నుంచి 12,570 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆ పైన 50,270 దాకా 20 శాతం, 1,25,140 దాకా 40 శాతం, అది దాటితే 45 శాతం. స్కాట్లండ్‌లో జీతం మీద శ్లాబులు వేరు. ఆదాయం లక్ష పౌండ్లు దాటాక ప్రతి రెండు పౌండ్లకు ఒక పౌండు చొప్పున మినహాయింపు కరుగుతుంది.

మినహాయింపు విషయంలో వలస ఉద్యోగికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, అది తరచూ మరుగున పడుతుంది. 2013 నుంచి అమల్లో ఉన్న నివాస పరీక్ష ప్రకారం ఆ ఏడాదికి నివాసిగా లెక్కకొస్తే, ఏడాది మధ్యలో దిగినవారికి కూడా మినహాయింపు మొత్తం వర్తిస్తుంది. ఉన్న నెలల మేరకు విడగొట్టరు. పూర్తికాలపు ఉద్యోగంలో చేరి ఏడాదిపాటు కొనసాగేవారు మామూలుగా ఈ పరీక్షలో నెగ్గుతారు. ఆ ఏడాదిని వచ్చేముందు, వచ్చాక అని రెండుగా చూసే వెసులుబాటు కూడా ఉంది కనుక, అంతకుముందు హైదరాబాద్‌లో సంపాదించిన జీతం సాధారణంగా ఈ లెక్కలోకి రాదు.

ఒక పేస్లిప్పు దగ్గరపెట్టుకుని చూద్దాం. ఏడాదికి 30,000 పౌండ్ల జీతంతో ఒక నర్సు జనవరి 6న విధుల్లో చేరిందనుకుందాం. నెలకు 2,500. పింఛను కోత పక్కన పెడితే ఏప్రిల్ 5 లోపు ఆమె సంపాదన 7,500 పౌండ్లు. అది 12,570కి చాలా లోపు, కాబట్టి ఆ మూడు నెలలకూ ఆదాయపు పన్ను సున్నా. ఎంత మినహాయింపు వదలాలో యజమానికి చెప్పే టాక్స్ కోడ్ దగ్గర 1257ఎల్ అని మాత్రమే ఉంటే లెక్క అలాగే నడుస్తుంది. ఏప్రిల్ నుంచి పోగుపడిన మినహాయింపు అంతా ఆమెకు కలుస్తుంది. ఆ కోడ్ పక్కన ‘ఎం1’ అన్న చిన్న గుర్తు ఉంటే కథ మారుతుంది. ఆ నెల మినహాయింపు సుమారు 1,048 మాత్రమే వదిలి, మిగతా దానిపై 20 శాతం, అంటే నెలకు సుమారు 290 పౌండ్లు కోస్తారు. ‘0టీ’ అని ఉంటే మినహాయింపే లేదు, కోత 500. ఒకే జీతం, ఒకే ఉద్యోగి. పేస్లిప్పు మూలన ఉన్న రెండు మూడు అక్షరాలను బట్టి చేతికొచ్చే డబ్బు మారిపోతుంది.

ఈ కోడ్ చాలావరకు చేరిన రోజు నింపే ‘స్టార్టర్ చెక్‌లిస్ట్’ వల్ల వస్తుంది. అందులోని ఏ, బీ, సీ వాక్యాల్లో ఏప్రిల్ 6 తర్వాత ఇదే మొదటి ఉద్యోగం అన్నది ‘ఏ’. డిసెంబరు దాకా ఇండియాలో పనిచేశాను కదా అని, ఆ తేదీ తర్వాత వేరే ఉద్యోగం కూడా చేశానన్న ‘బీ’ ఎంచుకునేవారున్నారు; వారికి వచ్చేది ఎం1 కోడ్. ఆ ప్రశ్న బ్రిటన్ పన్ను లెక్కలోని ఉద్యోగాల గురించేనని సాధారణంగా అర్థం చేసుకుంటారు. కాగితం ఇవ్వకపోతే 0టీ, రెండో ఉద్యోగమని రాస్తే ‘బీఆర్’, అంటే మొత్తం మీద 20 శాతం.

ఎక్కువ కోసిన పన్ను తిరిగి వస్తుంది. పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్లలోగా అడగవచ్చు. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఆన్‌లైన్ ఖాతా ద్వారా అడిగితే రుసుమేమీ లేదు. రీఫండ్ ఇప్పిస్తామంటూ అందులో వాటా పుచ్చుకునే మధ్యవర్తుల అవసరం జీతం తప్ప వేరే ఆదాయం లేనివారికి దాదాపు ఉండదు. ఏడాది చివర యజమాని ఇచ్చే పీ60 మన ఫారం 16 లాంటిది, ఉద్యోగం మానినప్పుడు ఇచ్చేది పీ45. రెండూ జాగ్రత్త చేసుకోవాలి.

నేషనల్ ఇన్సూరెన్స్

1911లో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ కాలంలో మొదలై, 1948 జులై 5 నుంచి ఇప్పటి విస్తృత రూపానికి దగ్గరగా వచ్చిన చందా. 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగి వాటా నెల జీతంలో 1,048 పౌండ్లు దాటిన భాగంపై 8 శాతం, పై శ్లాబులో 2 శాతం. పైన చెప్పిన నర్సుకు ఇది నెలకు సుమారు 116 పౌండ్లు. ఈ చందాను ఏ నెలకు ఆ నెలే లెక్కిస్తారు. ఏడాది ఆదాయం తక్కువైందని తిరిగి రాదు. విద్యార్థి వీసా మీద పార్ట్‌టైమ్ చేసేవారికీ ప్రత్యేక మినహాయింపు లేదు. అమెరికాలో చదివిన మిత్రుల మాట విని బ్రిటన్‌లోనూ ఉంటుందనుకోవడం పొరపాటు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు చేతికి రాకపోయినా పని చేసే హక్కు ఉంటే ఉద్యోగంలో చేరవచ్చు.

భారతీయ కంపెనీ తాత్కాలికంగా పంపిన ఉద్యోగికి మొదటి 52 వారాలు ఈ చందా ఉండని పాత నియమం ఉంది. 2025 జులై 24న సంతకమైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతో పాటు ఈ గడువును మూడేళ్లకు పెంచే ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. నేరుగా బ్రిటిష్ యజమాని దగ్గర చేరినవారికి ఇది వర్తించదు.

భృతులు, ‘ప్రజా నిధుల’ షరతు

ఉద్యోగ వీసాల మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అన్న షరతు ఉంటుంది. దీనికి ఆధారం 1999 నాటి వలస, ఆశ్రయ చట్టంలోని 115వ సెక్షన్. స్థిర నివాస అనుమతి వచ్చేదాకా ప్రజా నిధుల నుంచి సాయం పొందకూడదని దీని అర్థం. యూనివర్సల్ క్రెడిట్, పిల్లలకిచ్చే చైల్డ్ బెనిఫిట్, ఇంటి అద్దె సాయం ఈ జాబితాలోవి. పొరపాటున తీసుకున్నా వీసాకు ముప్పు రావచ్చు.

భయం మాత్రం జాబితా కంటే పెద్దది. ‘పబ్లిక్ ఫండ్స్’ అన్న మాటకు ప్రభుత్వ సొమ్ము అంతా అని అర్థం చెప్పుకుని, న్యాయంగా రావలసినదాన్ని కూడా అడగని కుటుంబాలున్నాయి. చట్టంలో పేరుపెట్టి చెప్పినవే ప్రజా నిధులు. చందా కట్టి, లేదా ఉద్యోగం చేసి సంపాదించుకున్న హక్కులు వాటిలో లేవు: ప్రసూతి వేతనం, మెటర్నిటీ అలవెన్స్, అనారోగ్య వేతనం, చందా ఆధారిత నిరుద్యోగ భృతి, ప్రభుత్వ పింఛను. అర్హతకు కావలసిన కాలం పనిచేసిన గర్భిణికి 39 వారాల ప్రసూతి వేతనం ఉంటుంది. మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం. ఇది అడిగితే వీసా రద్దవుతుందన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. ప్రభుత్వ బడి, ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం కూడా ఈ షరతు కిందికి రావు. వైద్యానికి వలస ఉద్యోగి ముందే సర్‌చార్జీ కట్టి వస్తాడు. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు అది ఏడాదికి 1,035 పౌండ్లు. ఆరోగ్య, సంరక్షణ ఉద్యోగుల వీసా మీద వచ్చే నర్సులకు ఆ రుసుము లేదు.

ఒక్కోసారి తేడా ఒక్క మాటలో ఉంటుంది. ఇంటిపన్నులాంటి కౌన్సిల్ టాక్స్‌లో, తక్కువ ఆదాయం చూపి పొందే ‘రిడక్షన్’ ప్రజా నిధి. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉన్నందుకు వచ్చే 25 శాతం ‘డిస్కౌంట్’ ప్రజా నిధి కాదు. మొదటిది అడగకూడదు, రెండోది నిశ్చింతగా అడగవచ్చు.

స్వదేశంలోని ఆదాయం

బ్రిటన్ నివాసి అయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా బ్రిటన్ పన్ను పరిధిలోకి వస్తుంది. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి భారత్‌లో పన్ను లేదు, బ్రిటన్‌లో ఉంది. గోదావరి జిల్లాల్లో పొలం మీద వచ్చే కౌలుకు మన కేంద్ర పన్ను లేకపోయినా, ఆ సౌకర్యం సముద్రం దాటి రాదు. 1993 నాటి ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం వల్ల ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు.

2025 ఏప్రిల్ 6 నుంచి కొత్త ఏర్పాటొకటి వచ్చింది. అంతకుముందు వరుసగా పదేళ్లు బ్రిటన్ నివాసులు కానివారు, వచ్చిన మొదటి నాలుగేళ్లలో విదేశీ ఆదాయంపై పన్ను లేకుండా క్లెయిమ్ చేసుకోవచ్చు. వినడానికి బాగున్నా, క్లెయిమ్ చేసిన ఏడాది పర్సనల్ అలవెన్స్ పోతుంది. విజయవాడలో ఇంటి మీద ఏటా 1,500 పౌండ్లకు సమానమైన అద్దె వస్తుందనుకుంటే, 20 శాతం శ్లాబులో మిగిలేది గరిష్ఠంగా 300 పౌండ్లు. పోగొట్టుకునే మినహాయింపు విలువ 2,514. మామూలు జీతగాడికి ఇది లాభసాటి కాదన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తిరిగి వచ్చాక

నేషనల్ ఇన్సూరెన్స్ కట్టిన ఏళ్లు మొత్తం పది అయితేనే ఇప్పటి ప్రభుత్వ పింఛనులో కొంతైనా వస్తుంది. పూర్తి పింఛనుకు సాధారణంగా 35 ఏళ్లు కావాలి. తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చేసేవారికి ఆ ఒక్క ఏడాది చాలా విలువైనది. షరతులకు లోబడి స్వచ్ఛంద చందాతో దాన్ని పూరించే అవకాశం ఉంది. పింఛనును భారతదేశంలో ఉంటూ కూడా అందుకోవచ్చు. కాకపోతే బ్రిటన్‌లో ఏటా జరిగే పెంపు ఇక్కడి నివాసులకు వర్తించదు. మొదటి నెల ఎంత వచ్చిందో అంతే వస్తుంటుంది.