యాడికి, ఎన్నో పూస?

బస్సులో కండక్టరు "యాడికి?" అనడిగితే మా ఊరివాళ్లు "యాడికి" అనే చెప్తారు. కొత్త కండక్టరైతే చిరాకు పడతాడు. "నేనడిగేదీ అదే కదబ్బా, యాడికని?" తాడిపత్రి చుట్టుపక్కల చిన్నప్పటినుంచీ వింటున్న జోకు ఇది. మళ్లీ గుర్తొచ్చింది బెంగళూరులో ఒక ఆస్పత్రి వార్డులో, మా నాయనకు తెల్లారితే వెన్ను ఆపరేషన్ అనగా.

చేతిలో రెండు ఎమ్మారై రిపోర్టులున్నాయి. ఆరు నెలల కింద అనంతపురంలో తీయించిన దాంట్లో డిస్కు జారింది ఎల్4-ఎల్5 మధ్య అని ఉంది. బెంగళూరుది ఎల్5-ఎస్1 అంటోంది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరుకు చూపిస్తే "పొద్దున సార్ చూసుకుంటారు" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. లెక్క సున్నా నుంచి మొదలెట్టాలా ఒకటి నుంచా అన్నదగ్గర వారానికొకసారైనా తప్పు చేస్తాను. దిద్దుకుని మళ్లీ రన్ చేస్తే పోతుంది. నాయన వీపు అట్లా కాదు కదా. ఆ రాత్రి నిద్ర రాక ఫోన్‌లో మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

పుస్తకంలో లెక్క సులువు. మెడలో 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5, ఆ కింద అతుక్కుపోయిన త్రికం. కానీ వీపుమీద చెయ్యి పెడితే ఏ పూసకీ నంబరుండదు. 20వ శతాబ్దం మొదట్లో, వెన్నులోకి మత్తుమందు ఎక్కించడం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫ్రెంచి సర్జన్ తూఫియే ఒక గుర్తు చెప్పాడు. రెండువైపులా తుంటి ఎముకల పైఅంచులను కలుపుతూ గీత గీస్తే అది నాలుగో నడుం పూస దగ్గర దాటుతుంది. ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ గీతను వాడుతున్నారు. అయితే 2000లో ఇంగ్లండులో 100 మందిని తీసుకుని, మత్తు డాక్టర్లు వేలితో తడిమి చెప్పిన చోటును ఎమ్మారైతో పోల్చారు. సరిపోయింది 29 శాతమే. తప్పిన వాటిలో ఎక్కువభాగం ఒక మెట్టు పైన!

డిస్కు జారడమే కాలు లాగడానికి కారణమని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు చూపించారు. అప్పటి ఆపరేషన్‌కు కోత పెద్దది. అందులో ఒక లాభముంది: త్రికం కంటికి కనబడేది. పూసను పటకారుతో పట్టి కదిలిస్తే నడుం పూస కదులుతుంది, త్రికం కదలదు. అక్కడినుంచి పైకి లెక్కపెట్టుకోవడమే. అనుమానమొస్తే పక్క డిస్కు కూడా తెరిచి చూసేవాళ్లు. 1977లో యాసర్గిల్, కాస్పర్ ఎవరికి వారు మైక్రోస్కోపుతో చేసిన పద్ధతిని ప్రకటించారు. 1997లో ఫోలీ, స్మిత్ గొట్టంలోంచి ఎండోస్కోపుతో చేయడం మొదలుపెట్టారు. కోత రెండు సెంటీమీటర్లలోపుకి వచ్చింది, రోగి తొందరగా లేచి నడిచాడు. కానీ ఆ కన్నంలోంచి కనబడేది ఒక్క పూస అంచు. అది ఎన్నోదో చెప్పే ఆనవాలు చుట్టుపక్కల ఏదీ ఉండదు. కోత చిన్నదయ్యేకొద్దీ తడబాటుకు చోటు పెరిగిందనిపిస్తుంది నాకు. అందుకే ఇప్పుడు భారమంతా సీ-ఆర్మ్ మీద పడింది. రోగిని బోర్లా పడుకోబెట్టి, వీపులో సూది గుచ్చి, పక్కనుంచి ఎక్స్-రే బొమ్మ తీసి, త్రికం నుంచి పైకి లెక్కపెడతారు. ఎముక దాకా వెళ్లాక అక్కడొక పరికరం ఆనించి మళ్లీ బొమ్మ తీస్తారు. సూది ఏటవాలుగా దిగితే చర్మం దగ్గర ఒక పూస, లోపల ఇంకో పూస.

అయినా తప్పులు ఆగలేదు. 2001లో ఉత్తర అమెరికా వెన్ను వైద్యుల సంఘం సంతకం పెట్టు, గుర్తు పెట్టు, ఎక్స్-రే తీయి అని సభ్యులకు చెప్పాల్సి వచ్చింది. 2008లో వచ్చిన ఒక సర్వేలో 415 మంది సర్జన్లు జవాబిస్తే, తమ జీవితంలో కనీసం ఒకసారి తప్పు పూస దగ్గర చేశామని సగం మంది ఒప్పుకున్నారు. అడిగినవాళ్లలో జవాబిచ్చింది 12 శాతమే, అదీ చెప్పాలి. నాకైతే ఆ ఒప్పుకున్నవాళ్లమీద గౌరవమే కలిగింది.

అసలు చిక్కు లెక్కలో కాదు, మనిషిలో. కొందరికి అయిదో నడుం పూస త్రికంతో అతుక్కుని ఉంటుంది. కొందరికి త్రికంలో పైపూస విడివడి ఆరో నడుం పూసలా కనిపిస్తుంది. ఇట్లాంటి పూసకూ నడుం నొప్పికీ ఉన్న సంబంధాన్ని ఇటలీలో బెర్తొలొత్తి 1917లోనే రాశాడు. 10 మందిలో ఒకరికి అటూఇటుగా ఉంటుంది, కాబట్టి అరుదేమీ కాదు. మా నాయన ఆ ఒకరు. అనంతపురంవాళ్లు మెడ నుంచి కిందికి లెక్కపెట్టారు, బెంగళూరువాళ్లు కిందినుంచి పైకి. డిస్కు ఒక్కటే, పేర్లు రెండు. పాత రిపోర్టులోని ఎల్4-ఎల్5 పట్టుకుని, సీ-ఆర్మ్‌లో కిందినుంచి లెక్కపెట్టి ఉంటే కత్తి ఒక మెట్టు పైన దిగేది.

పొద్దున సర్జన్ వచ్చి ఫిల్ములు కిటికీకి ఎత్తిపట్టి చూశాడు. "పేర్లు వదిలేయండి. కిందినుంచి కదిలే మొదటి డిస్కు. అదే" అని అంగీకారపత్రం మీద బొమ్మ గీసి, రెండు పేర్లూ రాశాడు. తర్వాత నాయనవైపు తిరిగి అడిగాడు. "పెద్దాయనా, మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారు?"

"బోరు నీళ్లే సార్."

ఎముకలు మామూలుకన్నా తెల్లగా కనబడుతున్నాయట. ఫ్లోరైడు. మన దేశంలో ఈ జబ్బు గురించి తొలి రిపోర్టుల్లో ఒకటి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది, షార్ట్ బృందం రాసింది. నల్గొండ గురించి సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది 1955లో. ముదిరిన ఫ్లోరోసిస్‌లో స్నాయువులు కూడా గట్టిపడి ఎముకగా మారతాయి, పూసకూ పూసకూ మధ్య వంతెనలు కడతాయి. విడివిడిగా లెక్కపెట్టాల్సినవి ఒకటే తెల్ల స్తంభంలా కనబడతాయి. వెన్నుపాము నొక్కుకుపోతే ఆపరేషన్ ఛాతీ వెనకే చేయాల్సి రావచ్చు. అక్కడ త్రికం దూరం, భుజాల నీడ అడ్డం, పక్కటెముకల్ని లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఆ పక్కటెముకలు కూడా అందరికీ 12 జతలే ఉంటాయని లేదు. నాయనకు అంతదాకా రాలేదు. శనక్కాయ చేలో వంగిన నడుం, బోరు నీళ్లు, పుట్టుకతో అతుక్కున్న పూస, మూడూ ఒక్కచోట కలిశాయంతే.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. మూడో రోజు నడిచాడు. ఫైల్లో సీ-ఆర్మ్ బొమ్మ ప్రింటు ఒకటి ఇచ్చారు, పూసల మధ్య సూది. ఊళ్లో పలకరించడానికి ఎవరొచ్చినా నాయన ట్రంకుపెట్టె తెరిచి అది బయటికి తీస్తాడు. మొన్న మా చిన్నాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"యాడరా ఇది?"

నాయన కాగితాన్ని తిప్పి ఆయన చేతిలో పెట్టి, సూదిమీద వేలుంచాడు.