ఊరికే చూసిన రేసుకు డబ్బు కట్టిందెవరు?

2012లో ఇంగ్లండ్‌లో కొందరు ఫార్ములా వన్ అభిమానులు నిచ్చెన వేసుకుని గోడలెక్కారు. ఇంటికి బిగించి ఉన్న డిష్‌ని కాస్త దక్షిణానికి, కాస్త పైకి తిప్పారు. అప్పటిదాకా అది ఇంగ్లిష్ చానళ్లొచ్చే ఉపగ్రహం వైపు చూసేది. ఇప్పుడు పక్కనున్న మరో ఉపగ్రహం దొరికింది. అందులో ఆర్‌టీఎల్ అనే జర్మన్ చానల్ పైసా అడక్కుండా రేసును లైవ్‌లో చూపిస్తోంది. భాష రాదు కనక టీవీ గొంతు నొక్కేసి, బీబీసీ రేడియోలో ఇంగ్లిష్ కామెంటరీ పెట్టుకునేవారు. అక్కడొచ్చింది అసలు తంటా. రేడియో ముందు, బొమ్మ వెనక. తెర మీద కారు ఇంకా మలుపు దగ్గరికైనా రాకముందే, అది గోడను గుద్దేసిందని రేడియో చెప్పేసేది. రేడియోను కంప్యూటర్ గుండా పంపి కొన్ని సెకన్లు ఆపి వదిలితే గానీ మాటా బొమ్మా కలిసేవి కావు. అంతా కుదిరిందనుకునేసరికి జర్మన్ ప్రకటనలు.

ఈ అవస్థకు కారణం 2011 జులై 29న వచ్చిన ఒక కబురు. మరుసటి ఏడాది నుంచి ప్రతి రేసూ లైవ్‌లో చూడాలంటే చందా కట్టే స్కై చానల్ ఒక్కటే దిక్కు, బీబీసీలో సగం రేసులే లైవ్, మిగతావాటికి ముఖ్యాంశాలు. బ్రిటన్ అభిమానులకు ఆ తేదీ ఇప్పటికీ మానని పుండు. ఊరికే వస్తున్నదాన్ని లాక్కున్నారని వాళ్ల బాధ.

నాకు మాత్రం ఆ ‘ఊరికే’ దగ్గరే అనుమానం. ఆ కథ 2011లో మొదలు కాలేదు. సిగరెట్ పెట్టె దగ్గర మొదలైంది.

1965 ఆగస్టులో బ్రిటన్ టీవీలో సిగరెట్ ప్రకటనలను నిషేధించారు. కంపెనీల దగ్గర డబ్బుంది, చూపించుకునే చోటు పోయింది. అటు రేసింగ్ జట్లు డబ్బుకు కటకటలాడుతున్నాయి. అప్పటిదాకా కార్లకు దేశాన్ని బట్టి రంగు: ఇంగ్లండ్‌కు ముదురాకుపచ్చ, ఇటలీకి ఎరుపు. 1968లో లోటస్ జట్టు యజమాని కొలిన్ చాప్‌మన్ ఆకుపచ్చను చెరిపేసి, గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె మీది ఎరుపు, తెలుపు, బంగారు రంగులు పూయించాడు. 1972కల్లా అదే లోటస్ నల్లటి ఒంటి మీద బంగారు గీతలతో జాన్ ప్లేయర్ స్పెషల్ పెట్టెలా తయారైంది. ఆ తర్వాత మెక్‌లారెన్‌కు మార్ల్‌బరో. ముందు తలుపు మూశారు కదా అని పొగాకు దొడ్డిదారిన టీవీలోకి వచ్చేసింది. అదీ ఎక్కడికి? ప్రకటనలే వెయ్యని బీబీసీలోకి.

బీబీసీ పట్టింపు కూడా ఎంత చిత్రమైందో చూడండి. 1976లో సర్టీస్ జట్టు కారు మీద డ్యూరెక్స్ అని కండోమ్ కంపెనీ పేరు రాసుకుంటే, ఇది కుటుంబమంతా కూర్చుని చూసేది కాదని బ్రాండ్స్ హాచ్ ట్రాక్‌లో కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయింది. సిగరెట్‌కు లేని అభ్యంతరం దానికి వచ్చింది! ఆ ఏడే డ్రైవర్లు జేమ్స్ హంట్, నికీ లౌడాల మధ్య జీవన్మరణ పోరు నడిచింది. ప్రమాదంలో కాలి మసైన ముఖంతో ఆరు వారాల్లో తిరిగొచ్చాడు లౌడా. చివరి రేసు జపాన్‌లోని ఫుజిలో, వానలో. ఒకే ఒక్క పాయింటుతో, 69కి 68, హంట్ చాంపియన్ అయ్యాడు. ఈ కథను చూపించకుండా ఏ టీవీ మాత్రం ఎన్నాళ్లుండగలదు?

1978లో బీబీసీ ‘గ్రాండ్ ప్రి’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం పాట ‘ది చెయిన్’ చివర్లో బాస్ గిటార్ ఒక్కటే దడదడలాడించే ముక్క ఉంటుంది. దాన్ని తెచ్చి ముందు పెట్టారు. మన ఇళ్లలో ఆకాశవాణి ట్యూన్ వినగానే తెల్లవారిందని తెలిసినట్టు, అక్కడ ఆ బాస్ గిటార్ వినగానే రేసు మొదలవుతోందని పిల్లలకు సైతం తెలిసిపోయేది.

కామెంటరీకి ఇద్దరు. ఒకరు ముర్రే వాకర్, అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో మైకు పట్టుకున్న మనిషి. ప్రకటనలు లేని చానల్లో ప్రకటనలతో నిండిన కార్ల గురించి ప్రకటనల మనిషి మాట్లాడటం! రెండోవాడు 1980 నుంచి హంట్. మొదట్లో మొనాకోలో కాలికి కట్టు వేసుకుని వచ్చి, రేసు పూర్తయ్యేలోగా రెండు వైన్ సీసాలు ఖాళీ చేశాడని చెప్పుకుంటారు. ఒకరి మాట మీద ఒకరు పడకుండా ఇద్దరికీ కలిపి ఒకే మైకు ఇచ్చారు. వాకర్ నిలబడే మాట్లాడతాడు, అరుస్తాడు, పొరబడతాడు. హంట్ కూర్చుని, విసుగ్గా చెయ్యి చాపుతాడు. ఒకసారి మైకు లాక్కుంటే వాకర్ పిడికిలి ఎత్తాడట. 1993లో 45 ఏళ్లకే హంట్ గుండెపోటుతో పోయేదాకా ఆ జోడీ సాగింది. అభిమానులు పోగొట్టుకున్నామనేది రేసును మాత్రమే కాదు, ఆదివారం భోజనాల తర్వాత ఇంట్లో వినబడిన ఆ రెండు గొంతులనూ.

ఇక బెర్నీ ఎకల్‌స్టన్. లండన్‌లో పాత మోటార్‌సైకిళ్లు, కార్లు అమ్మిన వ్యాపారి, ఆపైన బ్రాబమ్ జట్టు యజమాని. పొట్టి మనిషి, లెక్క మాత్రం పొడుగు. అప్పట్లో టీవీవాళ్లు నచ్చిన రేసు చూపించేవారు, నచ్చనిది వదిలేసేవారు. 1981లో కుదిరిన కాంకార్డ్ ఒప్పందంతో టీవీ హక్కుల బేరం బెర్నీ చేతికొచ్చింది. కావాలంటే అన్ని రేసులూ తీసుకోండి, లేదంటే ఏదీ లేదన్నాడు. ధర కన్నా ముందు అతనికి కావలసింది ఎక్కువ ఇళ్లు. ఎన్ని ఇళ్లలో కారు కనబడితే సిగరెట్ కంపెనీ అంత పెద్ద చెక్కు రాస్తుంది. రేసు చూసేవాడు టికెట్ కొనని ప్రేక్షకుడని మనం అనుకుంటాం గానీ, ఆ బేరంలో అమ్ముడుపోతున్న సరుకు అతని కళ్లే.

అదే బెర్నీ 1996లో ఇంకో తలుపు కూడా తట్టి చూశాడు. జర్మనీలో డీఎఫ్1 అనే డిజిటల్ వేదిక మీద చందా ప్రసారం. సొంత కెమెరాలు, సొంత సిబ్బంది, రేసు రేసుకీ ఊరు మార్చే స్టూడియో. దాని బాధ్యత చూసే ఎడ్డీ బేకర్ పేరు మీద దాన్ని ‘బేకర్స్‌విల్’ అనేవారు. రిమోట్ నొక్కితే డ్రైవర్ తల పక్క నుంచి దృశ్యం, ఇంకోటి నొక్కితే పిట్ లేన్, మరోటి నొక్కితే అంకెల పట్టిక. ఇవాళ ఆప్‌లో గొప్పగా చెప్పుకునేవన్నీ అప్పుడే ఉన్నాయి. 2002లో బ్రిటన్‌కూ తెచ్చి రేసుకు 12 పౌండ్లు అడిగారు. పక్క చానల్లో అదే రేసు ఊరికే వస్తుంటే ఎవరు కడతారు? ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేశారు. ఆ వైఫల్యం నేర్పిన పాఠం ఒక్కటే, కొత్త కొట్టు ముందు జనం చేరాలంటే పక్కనున్న ఉచిత పందిరి తీసేయాలి. తీయడానికి పదేళ్లు పట్టింది.

అంతకుముందే 1997లో రేసు బీబీసీ నుంచి ఐటీవీకి వెళ్లింది. డబ్బు అనేక రెట్లు పెరిగింది, మధ్యలో ప్రకటనలొచ్చాయి. 2005 ఇమోలా రేసులో అలోన్సో వెనక షూమాకర్ నీడలా అతుక్కుని ఉన్నాడు, ఇద్దరి మధ్యా క్షణంలో చిన్న ముక్క. ఆ చివరి ల్యాపుల్లో ఐటీవీ ప్రకటనలకు వెళ్లింది. తిట్లు మామూలుగా పడలేదు, చానల్ క్షమాపణ చెప్పుకుంది. అభిమానుల కోపానికి పాత చరిత్రే ఉందన్నమాట. 2011లో ఊడిపడింది కాదు.

ఆ 2005 జులై ఆఖరున ఇంకొకటి జరిగింది. యూరప్‌లో పొగాకు స్పాన్సర్‌షిప్ నిషేధం అమల్లోకి వచ్చింది. దాన్ని ఆపడానికీ, వాయిదా వేయించడానికీ ఏళ్ల తరబడి మంతనాలు నడిచాయి. 1997లో లేబర్ పార్టీకి బెర్నీ ఇచ్చిన పది లక్షల పౌండ్ల విరాళం పెద్ద రచ్చయి, పార్టీ తిరిగిచ్చేయాల్సి వచ్చింది కూడా. చివరికి పొగ ఆరింది. మరికొన్ని నెలలకే ఆట హక్కులు సీవీసీ అనే పెట్టుబడి సంస్థ చేతికి వచ్చాయి. పెట్టిన డబ్బు పెరిగి తిరిగి రావాలనేది దాని లెక్క. ముప్పై ఏళ్లకు పైగా ప్రేక్షకుడి తరఫున బిల్లు కట్టిన పెద్దమనిషి లేచి వెళ్లిపోయాడు, బల్ల మీద బిల్లు మాత్రం పెరుగుతూ ఉండిపోయింది.

అలాంటప్పుడు 2009లో బీబీసీ తిరిగొచ్చింది, ప్రకటనలు లేకుండా, ‘ది చెయిన్’ పాటతో సహా. అలిగిపోయిన పెళ్లాం పుట్టింటి నుంచి వచ్చినంత సంబరపడ్డారు అభిమానులు. అందుకే రెండేళ్లకే వచ్చిన దెబ్బ అంత గట్టిగా తగిలింది.

బీబీసీ నడిచేది లైసెన్సు రుసుముతో. మన పెద్దవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1980ల నడిమి దాకా రేడియో ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టేది. మా నాన్నగారి పుస్తకం ఇంకా బీరువాలో ఉంది, బిళ్లలంటించిన పేజీలు పచ్చబడిపోయాయి. అక్కడ టీవీకి ఇప్పటికీ అదే పద్ధతి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ రుసుమును ఇంటికి 145.50 పౌండ్ల దగ్గర ఆరేళ్ల పాటు బిగించేసింది. వరల్డ్ సర్వీస్ ఖర్చు లాంటి కొత్త బరువులు కూడా నెత్తిన పెట్టింది. ఎక్కడ కోయాలని బీబీసీ చూస్తే రేసు కనబడింది. ఒప్పందం ఇంకా రెండేళ్లకు పైగా మిగిలి ఉండగానే స్కైతో పంచుకుంది.

కబురు వచ్చింది శుక్రవారం పొద్దున, హంగరీ రేసు వారాంతంలో. కార్లు తొలి ప్రాక్టీసుకు దిగే రోజు. జట్ల యజమానులకే విషయం పూర్తిగా తెలియదు. ప్రసారం అందరికీ ఉచితంగా అందాలని ఒప్పందాల్లో ఉంది కదా అని కొందరు గొణిగారు. వాళ్ల బాధ వాళ్లది, కళ్లు తగ్గితే స్పాన్సర్ తగ్గుతాడు. బీబీసీ బృందమేమో తమ కొలువు సగం ఊడిన వార్తను మోసుకుంటూనే, కెమెరా ముందు నవ్వుతూ ఆ మూడు రోజులూ నడిపించాల్సి వచ్చింది. అభిమానులు సంతకాలు సేకరించారు, పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాశారు, ఇక చూడం పొమ్మన్నారు.

ఫిర్యాదులన్నీ ఒక రకం కాదు. మేం లైసెన్సు కట్టాం కదా, మళ్లీ ఎందుకు కట్టాలనేది ఒకటి. ఒక్క రేసు కోసం స్కై కట్టలోని ఫుట్‌బాల్ అంతా ఎందుకు కొనాలనేది ఇంకొకటి. నాకు అన్నిటికన్నా బలంగా తోచింది మూడోది: తాత, తండ్రి, మనవడు ఒకే సోఫాలో కూర్చోవడంతో పుట్టిన అలవాటిది, చందా కట్టని ఇంట్లో తర్వాతి తరం అసలు పుడుతుందా? ఇంగ్లండ్ క్రికెట్‌కు అప్పటికే ఆ అనుభవముంది. 2005 యాషెస్‌ను దేశమంతా చానల్ 4లో ఊరికే చూసింది. మరుసటి ఏడాది నుంచి సొంతగడ్డ టెస్టులు స్కైకి వెళ్లిపోయాయి.

సరే, మనకు ఈ కోపం పూర్తిగా ఎక్కదు. మన దగ్గర రేసు ఏనాడూ దూరదర్శన్ చుట్టం కాదు. వేసవిలో యూరప్ రేసులు మనకు ఆదివారం సాయంత్రం అయిదున్నరకు మొదలయ్యేవి. మా వీధి కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, “బాబూ, స్పోర్ట్స్ చానల్ రావట్లేదు” అంటే, “క్రికెట్ లేదు కదా సార్, ఏం చూస్తారు?” అనేవాడు. నెలనెలా డబ్బు తీసుకుంటూనే. బ్రిటన్‌లో గొడవ జరిగిన ఆ 2011లోనే, అక్టోబరు 30న, గ్రేటర్ నోయిడాలో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. చూసిన మనమంతా చందాదారులమే. 2023కల్లా ఫార్ములా వన్ ఇక్కడ టీవీ చానల్ నుంచి కూడా పోయి ఆప్‌లో చేరింది. ఒక్క సంతకమైనా పెట్టినట్టు నాకు గుర్తులేదు.

స్కై మాత్రం 2012 మార్చిలో రేసుకంటూ ఒక చానల్నే పెట్టింది. రేసు నడుస్తుండగా ప్రకటనలు వెయ్యనంది, ఆ మాట నిలబెట్టుకుంది. కామెంటేటర్ మార్టిన్ బ్రండల్‌ను బీబీసీ నుంచి తెచ్చుకుంది. పని బాగా చేసిందని తిట్టినవాళ్లే ఒప్పుకున్నారు. ఆ తర్వాతి మార్పులు త్వరత్వరగా జరిగిపోయాయి. 2015 చివర్లో బీబీసీ మిగిలిన సగాన్ని కూడా వదులుకుంటే చానల్ 4 అందుకుంది. 2019 నుంచి లైవ్ మొత్తం స్కైదే, సొంతగడ్డ మీది సిల్వర్‌స్టోన్ రేసు ఒక్కటి మినహా. ఫ్రాన్స్ 2013లో, జర్మనీ 2021లో అదే దారి పట్టాయి. జర్మనీ వెళ్లడంతో, గోడ మీద తిప్పి పెట్టుకున్న ఆ డిష్‌లకు కూడా పని దాదాపు అయిపోయింది.

2021 డిసెంబరు 12న అబుదాబిలో డ్రైవర్లు హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్లతో చివరి రేసుకు దిగారు. 1976 ఫుజి తర్వాత బ్రిటన్‌లో ఇంతగా మాట్లాడుకున్న ఆఖరి రేసులు అరుదు. ఆ ఒక్క రోజుకు స్కై తన బొమ్మను చానల్ 4కి పంచింది. చందా లేని ఇళ్లలో లక్షల టీవీలు వెలిగాయి, చివరి ల్యాపులో తేలిన ఫలితాన్ని ఊరూవాడా కలిసి చూసింది, కలిసి పోట్లాడుకుంది. 2022 మార్చిలో బహ్రెయిన్‌లో కొత్త సీజన్ మొదలయ్యేసరికి చానల్ 4లో మళ్లీ ముఖ్యాంశాలే, అవీ రేసు అయిపోయిన కొన్ని గంటలకు.