సిపాయి ఉత్తరం ఎవరు అచ్చేస్తారు?

1944 ఏప్రిల్ 28 సంచికలో అమెరికన్ సైనికుల వారపత్రిక 'యాంక్' ఒక ఉత్తరం అచ్చేసింది. రాసినాయన పేరు రూపర్ట్ ట్రిమింగ్‌హామ్. కార్పోరల్. నల్లజాతి వాడు. ఆయనా, మరో ఎనిమిది మంది నల్ల సిపాయిలూ లూసియానాలోని క్యాంప్ క్లెయిబోర్న్ నుంచి అరిజోనాలోని ఫోర్ట్ వాచూకా ఆసుపత్రికి వెళ్తున్నారు. దారిలో ఒక ఊళ్ళో రాత్రంతా ఆగాల్సొచ్చింది. ఎక్కడికి పోయినా కప్పు కాఫీ పోసేవాడు లేడు. చివరికి రైల్వేస్టేషన్ హోటలువాడు ఒప్పుకున్నాడు గానీ ముందు వాకిట్లోంచి వద్దు, వెనకనుంచి వంటింట్లోకి రమ్మన్నాడు. ఇంతలో ఇద్దరు అమెరికన్ గార్డుల కాపలాలో రెండు డజన్లమంది జర్మన్ యుద్ధఖైదీలు దిగారు. నేరుగా హోటల్లోకి పోయి బల్లల ముందు కూచున్నారు. వాళ్ళకి వడ్డించారు. తిన్నారు, కబుర్లాడుకున్నారు, సిగరెట్లు కాల్చుకున్నారు. ఆ దేశం యూనిఫారం తొడుక్కున్నవాళ్ళు బయటనుంచి చూస్తూ నిలబడ్డారు.

రెండు గ్లాసుల హోటలు తెలిసిన మన పాఠకులకి ఈ దృశ్యాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మేం అడగదల్చుకున్న ప్రశ్న వేరు. ఈ ఉత్తరం అచ్చయ్యింది ఏ నల్లజాతి పత్రికలోనో కాదు, సాక్షాత్తూ యుద్ధశాఖ డబ్బుతో నడిచే పత్రికలో. అదెట్లా సాధ్యమైంది? ఏ నిబంధన దాన్ని రానిచ్చింది?

యాంక్ 1942 జూన్‌లో మొదలైంది. వెల అయిదు సెంట్లు. బయటి జనానికి అమ్మరు, సైనికులకే. దానికో విచిత్రమైన కట్టుబాటు ఉండేది: రాసేది, బొమ్మలేసేది, దిద్దేది అందరూ మామూలు సిపాయిలే కావాలి. ఆఫీసర్లు పాలనా వ్యవహారాలు చూసుకోవాలి, పేజీల్లో వేలు పెట్టకూడదు. సెన్సారు ఎట్లాగూ ఉంది. అయినా ఆఫీసర్ల మీద సణుగుడుకి 'మెయిల్ కాల్' అనే ఉత్తరాల శీర్షిక తెరిచి ఉండేది. ట్రిమింగ్‌హామ్ ఆ సందులోంచే లోపలికొచ్చాడు. హోటలువాడి సంగతి చెప్పి ఊరుకోలేదు. ఈ దేశం కోసం చావడానికి పనికొచ్చేవాళ్ళం, మా పట్ల ఇట్లా జరగడాన్ని ప్రభుత్వం ఎందుకు సాగనిస్తోంది అని నేరుగా అడిగేశాడు.

జూలై 28 సంచికలో ఆయనదే ఇంకో ఉత్తరం వచ్చింది. తనకి 287 ఉత్తరాలు అందాయనీ, అందులో 183 సైన్యంలోని తెల్లవాళ్ళు రాసినవేననీ చెప్పాడు. ఈ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. వేర్వేరు బ్యారకుల్లో పడుకోబెట్టి, వేర్వేరు దళాల్లో నడిపించిన మనుషులు ఒక పేజీ మీద కలుసుకున్నారు. సైన్యం వాళ్ళని కలపలేదు. ఆ పని ట్రూమన్ ఉత్తర్వు మీద సంతకమైన 1948 జూలై దాకా మొదలే కాలేదు.

అయితే ఈ ఒక్క ఉత్తరం చూసి ఆ సైనిక పత్రికల్ని మెచ్చుకుని కూచుంటే మోసపోతాం. అదే మాటని అప్పటికి రెండేళ్ళుగా నల్లజాతి పత్రికలు చెబుతూనే ఉన్నాయి. 1942 ఫిబ్రవరిలో 'పిట్స్‌బర్గ్ కొరియర్' రెండు విజయాల ఉద్యమం ఎత్తుకుంది: బయట ఫాసిజం మీద ఒకటి, ఇంట్లో జాతి అణచివేత మీద ఒకటి. దానికి నిప్పు రాజేసింది కూడా ఒక ఉత్తరమే. విమానాల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేసే జేమ్స్ థాంప్సన్ అనే కుర్రాడు రాశాడు. ఆ పత్రికల్ని చాలా క్యాంపుల్లో కమాండర్లు అడుగు పెట్టనివ్వలేదు. అమ్మేవాళ్ళని తరిమారు, కాపీలు గుంజుకున్నారు. వాటి మీద రాజద్రోహం కేసులు పెట్టే ఆలోచన కూడా సాగింది. 1942లో 'షికాగో డిఫెండర్' అధిపతి జాన్ సెంగ్‌స్టాక్ అటార్నీ జనరల్ బిడిల్‌ని కలిసి మాట్లాడాక గానీ ఆ ప్రమాదం తగ్గలేదు. సంగతి ఒకటే. నల్లవాళ్ళ సొంత పత్రికలో వస్తే అది రెచ్చగొట్టడం, సర్కారు పేజీలో ఒంటరి సిపాయి సంతకంతో వస్తే అది సణుగుడు. నిబంధన చూసేది మాటని కాదు, ఆ పేజీ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని.

దీనికి ఇంకా గట్టి రుజువు అదే ఏడాది జరిగిన ఇంకో వ్యవహారం. మానవశాస్త్రవేత్తలు రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ 1943లో 'మానవజాతులు' అనే చిన్న పుస్తకం రాశారు. పుట్టుకతో తెలివి రాదనీ, జాతికీ బుద్ధికీ ముడి లేదనీ మామూలు మాటల్లో చెప్పే పుస్తకం. సైనికులకి పంచడానికి సైన్యమే కాపీలు కొంది. అందులో ఒక చిన్న పట్టిక ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం తానే పెట్టిన బుద్ధి పరీక్షల్లో సగటు మార్కులు. మిసిసిపీ తెల్లవాళ్ళకి 41.25, కెంటకీ తెల్లవాళ్ళకి 41.50. న్యూయార్కు నల్లవాళ్ళకి 45.02, ఒహాయో నల్లవాళ్ళకి 49.50. బడీ, డబ్బూ ఎక్కడుంటే మార్కులక్కడున్నాయి అని రచయితల వివరణ. కానీ పార్లమెంటులో సైనిక వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు ఆండ్రూ మే కెంటకీ వాడు. ఆయనకి ఒళ్ళు మండింది. 1944లో పుస్తకం పంపిణీ ఆగిపోయింది. సైన్యం తన లెక్కని తన సిపాయికే చూపించనివ్వలేదన్నమాట! మెరిట్ మెరిట్ అని మన మొహాన కొట్టే ప్రతిసారీ మాకు ఈ పట్టిక గుర్తొస్తుంది.

చట్టం కూడా తోడయ్యింది. 1944 సైనిక ఓటింగు చట్టంలో అయిదో భాగం ప్రకారం, ప్రభుత్వ ఖర్చుతో సైనికులకి చేరే పత్రికల్లో, పుస్తకాల్లో ఎన్నికల మీద ప్రభావం చూపే రాజకీయ వాదన ఉండకూడదు. పేరుకి నిష్పాక్షికత. ఆచరణలో భయపడ్డ అధికారులు చార్లెస్ బియర్డ్ రాసిన 'ది రిపబ్లిక్' లాంటి చరిత్ర పుస్తకాన్ని కూడా పక్కనపెట్టారు. గొడవై, ఆగస్టులో సవరించారు. ఆ చట్టం మీద చర్చలోనే మిసిసిపీ సభ్యుడు జాన్ రాంకిన్ లాంటి దక్షిణాది వాళ్ళు కేంద్రం తరఫున సైనికులకి బ్యాలెట్ ఇవ్వడాన్ని అడ్డుకున్నారు. ఇస్తే నల్ల సిపాయిలు కూడా ఓటేస్తారు కదా. ఓటుకి అడ్డం పడ్డ కాలంలోనే చదువుకి అడ్డం పడ్డారు.

వియత్నాం యుద్ధకాలానికి సిపాయిలు సర్కారు పేజీ కోసం ఎదురుచూడ్డం మానేశారు. సొంతంగా రహస్య పత్రికలు వేసుకున్నారు. జర్మనీలోని అమెరికన్ స్థావరాల్లో నల్ల సిపాయిలూ వేశారు. 1969 సెప్టెంబరులో రక్షణశాఖ దిగొచ్చి ఒక ఆదేశం ఇచ్చింది. విషయం నచ్చలేదన్న కారణంతోనే కమాండరు ఒక పత్రికని ఆపకూడదు. డ్యూటీ లేనప్పుడు, సొంత డబ్బుతో, సొంత సామానుతో రాసుకోవచ్చు. కానీ స్థావరంలో పంచాలంటే ముందు అనుమతి అడగమనొచ్చు, క్రమశిక్షణకీ విధేయతకీ స్పష్టమైన ముప్పు ఉందంటే ఆపొచ్చు. ముప్పని తేల్చేది మళ్ళీ ఆ కమాండరే. అయినా రాయడమే నేరం కాదన్న మాట కాగితం మీదికి రావడం చిన్న విషయం కాదు.

మరి మన దగ్గర? బ్రిటిష్ వాళ్ళు 1909లో సిపాయిల కోసం 'ఫౌజీ అఖ్‌బార్' పెట్టారు. 1954లో అది 'సైనిక్ సమాచార్' అయ్యింది, తెలుగుతో సహా అనేక భాషల్లో వచ్చింది. సిపాయి రాతకి సంబంధించిన అసలు నిబంధన మాత్రం వేరేచోట ఉంది. 1950 సైనిక చట్టం 21వ సెక్షన్, 1954 సైనిక నియమాల్లో 21వ నియమం. రాజకీయ ప్రశ్న మీద గానీ, సర్వీసు విషయం మీద గానీ ముందస్తు అనుమతి లేకుండా ఏ రూపంలోనూ అచ్చువేయించకూడదు, పత్రికలకి ఇవ్వకూడదు. బ్యారకులో కులం గురించి రాస్తే అది రాజకీయ ప్రశ్నా, సర్వీసు విషయమా? రెండూ! ఫిర్యాదుంటే 26వ సెక్షన్ ఉంది, పై అధికారికి చెప్పుకోవాలి. ఆ పై అధికారి మీదే ఫిర్యాదైతే ఆయన పైవాడికి. లైను తప్పి పత్రికలోకి రాకూడదు. దీనికంతటికీ దన్ను రాజ్యాంగంలోని 33వ అధికరణం. ఆ ముసాయిదా కమిటీకి అధ్యక్షత వహించింది ఒక మహార్ సుబేదారు కొడుకన్న సంగతి మమ్మల్ని చాలాసేపు ఆలోచనలో పడేసింది. సైన్యంలోంచి తన జాతిని గెంటేసిన అన్యాయం ఆయనకి ఇంట్లోనే తెలుసు.

ఆ అన్యాయం మీద మొదట కలం పట్టిన వాళ్ళలో గోపాల్ బాబా వలంగ్కర్ ఒకడు. కొంకణ ప్రాంతపు మహార్, సైన్యంలో హవల్దారు. 1886లో పెన్షన్ మీద వచ్చి దాపోలిలో స్థిరపడ్డాక 'దీనబంధు', 'సుధారక్' పత్రికల్లో రాశాడు. 1888లో 'విటాళ్ విధ్వంసక్' అనే చిన్న పుస్తకంలో అంటరానితనం మీద పైకులాల వాళ్ళని వరసగా ప్రశ్నలు అడిగాడు. 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆగిపోతే 1894లో అర్జీ తయారుచేశాడు. తెలుగువాళ్ళ భర్తీ కూడా ఆ దశకాల్లోనే, వీరజాతుల సిద్ధాంతం పేరుతో తగ్గించుకుంటూ పోయారు. పాత మద్రాసు సైన్యంలో మాల, పరయ్య సిపాయిల చాకిరీ ఏమైందో ఆ సిద్ధాంతం చెప్పదు.

మన ట్రిమింగ్‌హామ్‌లు పెన్షన్ కాగితం చేతికొచ్చాక పుట్టారు. అందుకే ఈ చరిత్ర మీద పనిచేసే విద్యార్థులకి ఒక మాట. పాత సైనిక పత్రికలు తిరగేసేటప్పుడు, కులం గురించి ఎవరేం రాశారో నోట్ చేసుకున్నప్పుడు, ఆ పేరు పక్కనే ఆయన సర్వీసులోంచి బయటికొచ్చిన ఏడాది కూడా వేసుకోండి.