లెక్కలో లేని మగాడు

పోయిన దసరాకి ఊరెళ్ళాను. మా ఊరు మొగుళ్లపల్లి పక్కనే. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి. సద్దుల బతుకమ్మ అయిపోయాక డాబా మీద పక్కలేసుకుని కబుర్లలో పడ్డాం. హన్మకొండలో పీజీ చదివే మా బాబాయి కొడుకు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు, నేను.

మాటల్లో వాళ్ళకి తెలిసిన ఒకమ్మాయి సంగతి వచ్చింది. ఎవరో కాంట్రాక్టరట. ఆ అమ్మాయి హాస్టల్ ఫీజు ఆయనే కడతాడట, ఫోన్ కూడా కొనిచ్చాడట. నెలకి రెండుసార్లు కారొస్తుందట. ఆ అమ్మాయిని ముగ్గురూ కలిసి అనాల్సినవన్నీ అన్నారు. కాంట్రాక్టర్‌ని మాత్రం ఒక్క మాట అనలేదు. "మరి రోగాల సంగతేంట్రా?" అన్నాను. మావాడు నవ్వేశాడు. "గాయనకేమైతదన్నా, పెద్దమనిషి. గసొంటి రోగాలు బజార్ల ఉండేటోళ్లకు వస్తయి."

వాణ్ణి తిట్టబోయి ఆగాను. ఎందుకంటే ఈ మాట వాడిది కాదు. నూట యాభై ఏళ్ళకి పైబడిన మాట. వాడి నోట్లోంచి వచ్చిందంతే.

1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం అని ఒకటి తెచ్చింది. సైనికుల్లో సిఫిలిస్, గనేరియా (మన పెద్దవాళ్ళ మాటల్లో సవాయి, సెగ) విపరీతంగా ఉండేవి. దానికి వాళ్ళు కనిపెట్టిన మందు ఏంటంటే, వేశ్యల పేర్లు రిజిస్టర్లో రాయడం, బలవంతంగా పరీక్ష చేయడం, రోగం ఉంటే లాక్ హాస్పిటల్‌లో పెట్టడం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి ఆసుపత్రులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం పరీక్ష ఆడవాళ్ళకే. డబ్బిచ్చి వచ్చే మగాడి పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. మనలాంటి వాళ్ళ భాషలో చెప్పాలంటే, నెట్‌వర్క్‌లో ఒక వైపు మెషీన్లనే స్కాన్ చేసి వైరస్ అక్కడే ఉందని రిపోర్ట్ రాసినట్టు. 1888లో ఆ చట్టాన్ని రద్దు చేశారు గానీ అలవాటు పోలేదు.

తర్వాత మన సంస్కర్తలొచ్చారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం, బందరు, సికింద్రాబాదు, కాకినాడ కాలేజీల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు. వీళ్ళ శిష్యులంతా కాలేజీ కుర్రాళ్ళే. భోగం మేళాలు చూడకూడదు, వేశ్యల గడప తొక్కకూడదు అని చెప్పేవారు. ఒక న్యాయం చెప్పుకోవాలి: మగాడికి కూడా శీలం ఉండాలి అని గట్టిగా అడిగింది వీళ్ళే. కానీ కుర్రాళ్ళ బుర్రలోకి ఎక్కిందేమిటి? "ఆమె మురికి, నేను శుద్ధం" అన్నది ఎక్కినంత తేలిగ్గా మిగతాది ఎక్కలేదు. ఈ తేడా గురజాడకి బాగా తెలుసు. 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో ఇంగ్లీషు చదివిన గిరీశం సంస్కరణ మీద లెక్చర్లు దంచుతాడు, ఇంకోపక్క మధురవాణితో సంబంధం నడుపుతాడు. మా డాబా మీద కూర్చున్న ముగ్గురిలో గిరీశం ఎవరో చెప్పడం కష్టం. నేను కూడా కావచ్చు.

ఇక 1986. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని నిర్మల, తన ప్రొఫెసర్ సునీతి సాల్మన్ చెప్పగా, సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం శాంపిళ్ళు సేకరించింది. వాళ్ళలో చాలామంది ప్రభుత్వ హోముల్లో నిర్బంధంలో ఉన్న ఆడవాళ్ళు. శాంపిళ్ళు వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్తే ఆరు పాజిటివ్ తేలాయి. దేశంలో హెచ్‌ఐవి ఉందని అలా తెలిసింది. ఒక స్టూడెంట్ ప్రాజెక్టు దేశం కళ్ళు తెరిపించింది, గొప్ప విషయమే. కానీ ఆ ఆరుగురికీ అది ఎవరి నుంచి వచ్చింది? హోముల్లో దొరికేది ఆడవాళ్ళు. మగాళ్ళు ఎప్పుడో ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళవాళ్ళలో హెచ్‌ఐవి దేశం మొత్తం మీద 0.28 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. అదే రోజుల్లో, 2004-05లో, గుంటూరు జిల్లాలో పరిశోధకులు 12 వేల పైచిలుకు మంది రక్తం పరీక్షించారు. సర్కారు దవాఖానాల శాంపిళ్ళతో కట్టిన అంచనా, అసలు సంఖ్యకి రెండింతలు దాటిందని తేలింది. 2007లో దేశం లెక్కే 52 లక్షల నుంచి 25 లక్షలకి దిగింది. అంటే ఎవర్ని పరీక్షించాం అన్నదాన్ని బట్టే రోగం ఎక్కడుందో మనకి కనిపిస్తుంది. డేటాతో పనిచేసే మనకి ఇది వేరే చెప్పాలా?

ఇందులో అసలు తమాషా ఇంకోటుంది. 2003 తర్వాత ఆవాహన్ లాంటి కార్యక్రమాలతో సెక్స్ వర్కర్లే తోటివాళ్ళకి కండోమ్ సంగతి, టెస్టుల సంగతి చెప్పడం మొదలుపెట్టారు. పేరు పడింది కాబట్టి సమాచారమైనా అందింది. కానీ హాస్టల్ ఫీజు, ఫోన్, "ఆయన నన్ను బాగా చూసుకుంటాడు" అన్న చోట దానికి పేరే లేదు. పేరు లేదు కాబట్టి జాగ్రత్తా లేదు. పైగా ఫీజు కట్టేవాడితో "కండోమ్ వాడు" అని గట్టిగా చెప్పగలిగే ధైర్యం ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ కాంట్రాక్టర్‌కి ఇంట్లో భార్య ఉంటే, ఆవిడకి ఈ సంగతే తెలియదు. సిఫిలిస్ వైద్యం లేకుండా వదిలేస్తే కడుపులో బిడ్డకి కూడా వెళ్తుంది. హెచ్‌పీవీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాకా తీసుకెళ్ళగలదు. వైరస్‌కి పెద్దమనిషి, బజారు మనిషి అని తేడా తెలీదు.

ఇవన్నీ ఆ రాత్రి వాళ్ళకి చెప్పాను. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమవుతుందని, హెపటైటిస్ బి, హెచ్‌పీవీలకి టీకాలున్నాయని, హెచ్‌ఐవి మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోందని, మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గితే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదని, ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు మొదలుపెట్టాల్సిన మందులున్నాయని. ఒకడు అప్పటికే నిద్రపోయాడు. మావాడు మాత్రం ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు.

నేను తిరిగొచ్చిన పది రోజులకి ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, గా టెస్టు చేస్తే ఊళ్ళె ఎవరికన్న చెప్తరా?"

చెప్పరు. 2017 చట్టం ప్రకారం అడగకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సర్కారు దవాఖానాలో ఉచితం, 1097కి ఫోన్ చేస్తే సెంటర్ ఎక్కడుందో చెప్తారు. ఇదంతా చెప్పాను. ఎవరికోసమని మాత్రం అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఒక మగపిల్లాడు తనంతట తాను లెక్కలోకి రావాలనుకుంటున్నాడు. నా ప్రశ్నతో వాణ్ణి వెనక్కి పంపడం ఇష్టం లేక.