బతు బస్తీ: తక్కువ ఖర్చుతో మాక్రో ఫొటోగ్రఫీ

దక్షిణ అండమాన్‌లో, ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్ అయిన శ్రీ విజయపురం పరిసరాల్లోని బతు బస్తీలో మాక్రో ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి పెరటి మొక్కలే చాలు. చీమలు, సాలీళ్లు వంటి చిన్న జీవులను కెమెరా సెన్సార్‌పై అసలు పరిమాణంలో, అంటే 1:1 నిష్పత్తిలో, లేదా అంతకంటే పెద్దగా చిత్రీకరించడమే మాక్రో ఫొటోగ్రఫీ.

చవకైన సాధనాలు

ఇందుకు ఖరీదైన మాక్రో లెన్స్ తప్పనిసరి కాదు. కెమెరాకూ 50 మి.మీ. లెన్స్‌కూ మధ్య 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అమర్చితే వస్తువు కనీసం సగం పరిమాణంలో నమోదవుతుంది. లెన్స్‌ను తిరగేసి బిగించే రివర్స్ రింగ్ ఇంకా చవక. అయితే అప్పుడు అపర్చర్‌ను కెమెరా నియంత్రించలేదు. చేత్తో తిప్పే రింగు ఉన్న పాత లెన్స్ అనుకూలం. స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ కనుక అపర్చర్‌ను తగ్గించి, ఫ్లాష్‌కు తెల్ల కాగితం అడ్డుపెట్టి మెత్తని వెలుతురు ఇవ్వాలి.

తేమతో జాగ్రత్త

నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకే ఈ దీవుల్లో లెన్స్‌కు బూజు ప్రధాన శత్రువు. పరికరాలను సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి.

జీవికి హాని వద్దు

అండమాన్ క్లబ్‌టెయిల్ సీతాకోకచిలుక వంటి కొన్ని జీవులు ఈ దీవులకే పరిమితం. కదలకుండా ఉండాలని కీటకాలను ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అంటించడం తగదు. ఉదయపు చల్లదనంలో అవి నెమ్మదిగా కదులుతాయి. తేదీ, స్థలం వివరాలతో ఐనాచురలిస్ట్‌లో నమోదు చేసిన చిత్రం పరిశోధకులకూ ఉపయోగపడుతుంది.